చప్పుడు లేని ఇంజిను

మా అత్తకి టీ అంటే ప్రాణం. అయినా కొడుకు వేటకెళ్లిన రోజున నిద్ర లేచింది మొదలు ఒక్క చుక్క ముట్టదు. సముద్రం మీంచి కొడుకు తెప్ప ఇంజిను చప్పుడు చెవిన పడాలి. అప్పుడు వాకిట్లోంచే నన్ను కేకేసి "టీ ఎట్టు" అంటుంది. నేను గిన్నె పెట్టి పాలు పొంగించేలోపు మా ఆయన తెప్ప ఇసకెక్కుతుంది.

పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో నాకిది వేళాకోళంగా ఉండేది. ఒడ్డు పొడుగునా తెప్పలే, దాదాపు అన్నిటికీ ఒకే రకం ఇంజిన్లు, అందులో మనవాడిదేదో ఈవిడకెలా తెలుస్తుందని. ఓసారి పందెం వేసి ఓడిపోయి, ఆవిడ మోకాళ్లకి నూనె మర్దన చేశాను. మనోడిది దగ్గుతుంది, పక్కింటోడిది గురక పెడుతుంది అని ఆ మర్దన చేయించుకుంటూనే నాకు పాఠం చెప్పింది.

మాది విశాఖపట్నంలో సముద్రాన్ని ఆనుకున్న పేట. వాకిట్లో నిలబడితే ఎదురుగా నీళ్లు, కుడి చేతివైపు కొండ, ఆ కొండకెదురుగా రేవులోకి వెళ్లే వంతు కోసం లంగరేసుకుని పడి ఉండే ఓడలు. వాటిలో బొగ్గు ఓడలే ఎక్కువ. మా ఆయనది గేలం వేట. చిన్న ఫైబర్ తెప్ప మీద ఒక్కడే వెళ్తాడు. వంజరం, పార లాంటి మంచి చేపలు పడితే నేను ఆటోలో వేసుకుని పూర్ణా మార్కెట్‌కి పోతాను. నా నోరు మంచిది కాదని బేరానికొచ్చిన వాళ్లంతా అంటారు. చేపలు మంచివి కాబట్టి మళ్లీ వస్తారు.

సముద్రం మీద మా వాళ్లకో కట్టుబాటు ఉంది. ఆయిల్ అయిపోయినవాడు లుంగీ విప్పి తెడ్డుకి కట్టి పైకెత్తుతాడు. అది చూసినవాడు ఏ పనిలో ఉన్నా దగ్గరకెళ్లి తన డబ్బాలోంచి ఆయిల్ పొయ్యాలి. ఒడ్డు మీద మాటల్లేనివాడైనా సరే, అక్కడ పొయ్యాల్సిందే. పోసినవాడు మళ్లీ అడగడు. పోయించుకున్నవాడు ఇంకెప్పుడో ఇంకెవరికో పోస్తాడు. ఈ ధైర్యంతోనే మా పేటలో ఎవరూ ఆయిల్ లెక్క చూసుకుని బయల్దేరరు. చేప ఎటు పోతే అటు పోతారు. వెనక్కి రావడం సంగతి నలుగురూ చూసుకుంటారని ధీమా.

ఈమధ్య చేప మరీ దూరం పోయింది. ఒకప్పుడు ఒడ్డుకి కనుచూపు మేరలో దొరికేది ఇప్పుడు ఓడలు దాటి వెళ్తే గాని దొరకదు. నీళ్లు వేడెక్కాయని చదువుకున్నవాళ్లు చెబుతారు. మా అత్త ఆ మాట వాళ్లకంటే ముందే అంది గాని, ఆవిడకెవరూ మైకివ్వలేదు.

మైకు పట్టుకున్నవాళ్లు ఓ సంస్థ తరఫున వచ్చారు. పేటలో కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టి, మగాళ్లందరికీ టోపీలిచ్చి, బ్యాటరీతో నడిచే ఇంజిను చూపించారు. పొగ లేదు, కంపు లేదు, ఆయిల్ అక్కర్లేదు, రాత్రి ఇంట్లో ప్లగ్గులో పెడితే పొద్దుటికి నిండుతుంది అన్నారు. దేశదేశాల్లో బళ్లూ ఓడలూ అన్నీ ఇలాగే మారిపోతున్నాయనీ, భూమిని కాపాడే పని మీ తెప్పలతో మొదలవుతుందనీ ఒకాయన చాలా బాగా మాట్లాడాడు. ఏడాది పాటు వాడి చూడ్డానికి ఎవరు ముందుకొస్తారంటే, హాల్లో మా ఆయన చెయ్యొక్కటే లేచింది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. భూమిని కాపాడ్డానికి నువ్వొక్కడివే దొరికావా, అదిగో ఆ ఓడలనిండా బొగ్గుంది, ముందు వాళ్లకివ్వమను టోపీ అన్నాను. మన ప్లగ్గులోకొచ్చే కరెంటులో సగం ఆ బొగ్గుదేనని కూడా అన్నాను. కూర్మన్నపాలెంలో ఉండే మా తమ్ముడు చెప్పాడు నాకా సంగతి. మా ఆయన కుడి చెయ్యి చాపి నా ముందు పెట్టాడు. ఏళ్ల తరబడి ఇంజిను పిడి పట్టుకుని పట్టుకుని ఆ చెయ్యి వణుకుతుంది, అన్నం ముద్ద కూడా ఒక్కోసారి జారిపోతుంది. ఆ చెయ్యి చూశాక నా నోరు మూతపడింది.

పక్కింటి పెద్దాయన మాత్రం మూయలేదు. ఆయన మా మావగారికి తమ్ముడి వరస, పేటలో అందరికంటే పాత ఇంజిను ఆయనదే. కొత్తది బిగిస్తుంటే వచ్చి చుట్టూ తిరిగి చూసి, సప్పుడు సెయ్యని ఇంజినునీ మాటాడని పెళ్లాన్నీ నమ్మకూడదురా అన్నాడు. ఆ లెక్కన నా అంత నమ్మకమైన మనిషి ఈ పేటలో ఉండదు.

మొదట్లో అంతా బాగానే సాగింది. మా ఆయన ఒడ్డు దగ్గరే తిరిగి వచ్చేవాడు. చెయ్యి వణుకు తగ్గింది. తెచ్చిన చేపకి ఆయిల్ వాసన లేదని మార్కెట్లో నేనే గొప్పలు చెప్పుకునేదాన్ని. బాగోనిదల్లా మా అత్తకే. వాకిట్లో కూర్చుని చెవి అటు పడేసి ఉంచేది. కొడుకు పిల్లిలా వచ్చి వెనక నిలబడేవాడు. ఉలిక్కిపడి వాణ్ణీ నన్నూ కలిపి తిట్టేది. టీ ఎప్పుడు పెట్టమనాలో ఆవిడకి తెలిసేది కాదు.

దానికి మా ఆయనే ఉపాయం ఆలోచించాడు. ఆ ఇంజినుతోపాటు ఫోన్లో ఒక యాప్ ఇచ్చారు. ఇంజినుకున్న పరికరం ఫోను సిగ్నలు లేనిచోటు నుంచి కూడా కబురు పంపితే, తెప్ప ఎక్కడుందో నీలం చుక్కలా కనిపిస్తుంది, పక్కనే బ్యాటరీ ఎంతుందో కూడా. ఆ యాప్ ఉన్నది ఆయన ఫోన్లోనే. అమ్మ చూసుకుంటూ ఉంటుంది కదా అని, వేటకెళ్లేటప్పుడు ఆ ఫోను నా చేతికిచ్చి పోవడం మొదలుపెట్టాడు. మంచి మనసుతోనే చేశాడు. అలా చేస్తే సముద్రం మీద తన దగ్గర ఫోను ఉండదన్న ఆలోచన ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు. అత్త మాత్రం ఆ చుక్కని రెండుసార్లు చూసి, ఈగ లాగుంది అని తిప్పికొట్టింది. చూడ్డమంతా నా వంతైంది.

ఆ రోజు చీకటుండగానే వెళ్లాడు. తెల్లారి ముగ్గేసి, ఫోను చూస్తే చుక్క ఓడల దగ్గరుంది. ఎప్పుడూ అక్కడ తిరిగేదే అనుకున్నాను. గంజి వార్చి మళ్లీ చూస్తే ఓడలు దాటి దక్షిణానికి పోతోంది. బ్యాటరీ సగానికి తక్కువుంది. సగం అయితే వెనక్కి తిరగాలని ఆ మీటింగులో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. నేను గట్టిగానే అన్నాను, తిరగవయ్యా అని. చుక్కకి వినబడుతుందా? ఇంకా ముందుకే పోయింది. చేప వెంట పడ్డాడని నాకు తెలిసిపోయింది. ఆ మనిషి పాత ఇంజిను మీద వెళ్లినట్టే వెళ్తున్నాడు.

కాసేపటికి చుక్క తిరిగింది. నాకు కాస్త ఊపిరాడింది. కానీ గాలి మారింది. పెరట్లో ఆరేసిన బట్టలు ఇంటివైపు కాకుండా సముద్రంవైపు ఎగరడం మొదలుపెట్టాయి. చుక్క నడక తగ్గింది. బ్యాటరీ అంకె ఎరుపులోకి మారింది. పొయ్యి మీది కూర మాడుతున్నా నేను ఫోను మీంచి కళ్లు తియ్యలేదు. చుక్క ఆగిపోయింది. తర్వాత అది కూడా లేదు. ఆ చుక్కని పంపే పరికరానికి కూడా బువ్వ అదే బ్యాటరీ అని నాకప్పుడు తెలియదు. తెప్ప మునిగిపోయిందనే అనుకున్నాను.

అత్త దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలీక ఫోను చూపించాను. ఆవిడ ఫోను చూడలేదు, నా మొహం చూసింది.

"ఈగ ఏది?" అంది.

"కనబడతం లేదు అత్తా" అన్నాను.

లేచి ఒడ్డుకి నడిచింది. వెనకే నేను. నడుస్తూనే, మాకు ఇంజిను బిగించిన ఆ సంస్థ కుర్రాడికి ఫోన్ చేశాను. వాళ్ల కంప్యూటర్లో కూడా చుక్క లేదన్నాడు. కంగారు పడకండి, బ్యాటరీ అయిపోయి ఉంటుందంతే అన్నాడు. అంతే అన్న మాటకి నేను వాడికి పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను. వాడు నిజంగా భయపడ్డాడు పాపం, అధికారులకి చెబుతానని ఫోన్ పెట్టేశాడు. పేట పెద్దలు వేటలో ఉన్న వాళ్ల నంబర్లన్నీ నొక్కారు. ఒక్కటీ తగల్లేదు, అందరూ సిగ్నలు దాటి ఉన్నారు.

ఇసక మీద నిలబడి చూస్తే ఏముంది, నీళ్లు. గాలికి తెల్లగా నురగ లేస్తోంది. ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. నాకేమీ కనిపించలేదు, మా అత్తకేమీ వినిపించలేదు. వినడానికి ఆ ఇంజినులో ఏముందసలు? నాకు కాళ్లు ఆగలేదు, అటూ ఇటూ తిరిగాను. అత్త మాత్రం కళ్లు మూసుకుని, కొంగు చెవుల మీంచి వెనక్కి తీసేసి నిలబడింది. కొన్ని తెప్పలు వచ్చాయి. వచ్చిన వాళ్లనల్లా అడిగాను. ఎవరూ చూడలేదు. పక్కింటి పెద్దాయన ఇంకా రాలేదు.

ఎండ నెత్తికెక్కింది. ఎవరో అత్తకి మంచినీళ్లిస్తే పుక్కిలించి ఊసేసింది. ఇంకెవరో ఏడుపు మొదలుపెట్టబోతే ఊరుకోమని గదిమింది, వినాలి కదా, ఏడిస్తే ఏం వినబడుతుందని. ఆ మాటకి నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఎంతసేపటికో ఆవిడ చెయ్యి నా చెయ్యి పట్టుకుంది.

"గురక ఇనబడతంది" అంది.

పక్కింటాయన ఇంజిను. నాకు గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆవిడ తల ఓ పక్కకి వంచి ఇంకా వింటోంది. మొహం మారింది.

"ఏటి అత్తా?"

"బరువు లాగతంది" అంది. "ఆడి ఇంజిను ఒట్టి తెప్పకి ఇలాగరవదు. ఎనక ఏటో కట్టీసుకొత్తన్నాడు."

తెప్ప దొరికింది. అయితే తెప్ప మీద మనిషి ఉన్నాడా? ఈ ప్రశ్న మేమిద్దరం అడగలేదు. ఖాళీ తెప్పని కూడా తాడేసి లాక్కొస్తారు మా వాళ్లు, మనిషి పోయినా తెప్ప ఇంటికి చేరాలి కాబట్టి. ఆ ఒడ్డు మీద నేను రెండుసార్లు చూశాను అలాంటి రాక. ఆ చప్పుడు నా చెవికి అందేసరికి నాకు దాన్ని వినబుద్ధి కాలేదు. చెవులు మూసుకున్నాను. అత్త నా చేతులు లాగేసింది.

ముందు పెద్దాయన తెప్ప కనిపించింది. దాని వెనక తాడు. తాడు చివర మా తెప్ప, ఎగిరెగిరి పడుతోంది. ఎగిరినప్పుడల్లా లోపల ఏదో ఉన్నట్టు, పడినప్పుడల్లా లేనట్టు ఉంది. ఇంకాస్త దగ్గరకొచ్చాక వెనక చివర, ఇంజిను దగ్గర ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. లుంగీ లేదు, ఒట్టి నిక్కరు. కుడి చెయ్యి ఆ చచ్చిన ఇంజిను పిడి మీదే ఉంది.

ఒడ్డెక్కాక మా ఆయన చెప్పింది వింటే నవ్వాలో కొట్టాలో తెలీలేదు. బ్యాటరీ అయిపోతోందని తెలిసే పోయాడట. ఎవరో ఒకరు పోస్తారులే అని చెయ్యీ కాలూ వాటంతటవే అనుకున్నాయట. ఆగిపోయాక అలవాటు ప్రకారం లుంగీ విప్పి తెడ్డుకి కట్టి ఎత్తాడు. వల వేసి ఉన్న ఓ తెప్పవాడు చూసి, వాడూ అలవాటు ప్రకారం ఆయిల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఆ డబ్బా వంక చూశారు, ఇంజిను వంక చూశారు. ఇది తాగదురా అన్నాడట మా ఆయన. పాపం వాడి వల నీళ్లలో ఉంది, లాగడానికి కుదర్దు. వల ఎత్తి వస్తాను, పెద్దాయన కనిపిస్తే చెబుతాను అని వెళ్లాడు. ఈలోగా నీరు ఉత్తరానికి లాగి మా ఆయన్ని బొగ్గు ఓడ పక్కకి తోసుకుపోయింది. నెత్తి మీద ఇనప గోడలా ఓడ, కింద తెప్ప, చేతిలో ఒక తెడ్డు. పైనుంచి ఎవరో తొంగి చూసి ఏదో భాషలో అరిచాడట. దానికి ఒరుసుకుపోకుండా తెడ్డుతో తోసుకుంటూ ఉన్నాడట పెద్దాయన వచ్చేదాకా. చేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

అత్త అంతా విని, ఒక్క లెంపకాయ కొట్టింది. ఎవరూ ఆపలేదు.

సంస్థ వాళ్లు మర్నాడే వచ్చారు. బ్యాటరీ సగానికొస్తే గట్టిగా మోగే ఏర్పాటు చేస్తామన్నారు. చుక్కకి వేరే చిన్న బ్యాటరీ పెడతామన్నారు. ఇంకేమైనా కావాలా అని అడిగితే మా అత్త, ఇంజినుకి సప్పుడు ఎట్టండి అంది. వాళ్లు నవ్వి, చప్పుడు లేకపోవడమే దీని గొప్పతనం అమ్మా అన్నారు. తీసుకుపొండి మీ గొప్పతనాన్ని అని నేను అనబోయాను. మా ఆయన అడ్డుపడి, ఇంజిను బాగుందండి, బుద్ధే పాతది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాటలో నిజముంది గనక ఇంకా మండింది.

పేట పెద్దలు కూడా కూర్చున్నారు. ఇకమీదట ప్రతి తెప్పలోనూ ఒక మంచి తాడుండాలని, ఎత్తిన లుంగీ చూసినవాడు ఆయిలుంటే ఆయిలూ, బ్యాటరీ తెప్పైతే తాడూ అందియ్యాలని, వల నీళ్లలో ఉన్నా సరే ఎక్కడుందో తెలిసేలా దానికి తేలే బోయా కట్టి వదిలి లాగాలని తీర్మానించారు. మా వాళ్లు ఇంత తొందరగా ఒక మాట మీదకి రావడం నేనెప్పుడూ చూడలేదు.

వానాకాలం వెళ్లాక పెద్దాయన ఓ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. ఇంజిను చుట్టూ మళ్లీ తిరిగాడు. పాత ఇంజినుకి ఇక సామాన్లు దొరకడం లేదని, తను కూడా ఇదే పెట్టుకుంటానని పేరిచ్చొచ్చానని చెప్పాడు. మా ఆయన సంబరపడ్డాడు. అత్త సంబరపడలేదు.

"నువ్వూ ఇదే ఎడితే, రేపు మావోడాగిపోతే ఎవుడు లాగుతాడు?" అని అడిగింది.

పెద్దాయన ఆరిపోయిన చుట్ట మళ్లీ ముట్టించుకున్నాడు.

"ఆడికి నాను, నాకు ఆడు" అన్నాడు. "ఇద్దరం ఒకేపాలి ఆగిపోకుండా సూసుకోవాల వదినా."

ఆయన పాత ఇంజిను ఆఖరిసారి వేటకెళ్లిన రోజు అత్త ఒడ్డుకెళ్లి అది ఓడల అవతలికి పోయి వినబడకుండా అయ్యేదాకా నిలబడింది. నాకు భయమేసింది, ఎందుకంటే మా ఆయన చిక్కుకుపోయిన రోజు మమ్మల్ని బతికించింది ఆ గురకే. పొగ చెడ్డదని తెలుసు, వేడి నీళ్లలో చేప దూరం పోతోందనీ తెలుసు, మారక తప్పదనీ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఇప్పుడు ఇద్దరూ కలిసే వెళ్తారు, కలిసే తిరుగుతారు. ఒడ్డు దగ్గరకొస్తున్నప్పుడు తెడ్డుతో తెప్ప అంచు మీద కొట్టాలన్నది అత్త పెట్టిన ఆజ్ఞ. వలలోకి చేపని బెదరగొట్టేటప్పుడు కొట్టినట్టే. నేను ఫోన్లో చుక్క చూస్తాను, ఆవిడ వాకిట్లో చెవి పడేస్తుంది. ఒకళ్ల పని ఒకళ్లం వెక్కిరించుకోవడం మానేశాం.

మొన్న గాలి బాగా ఉంది. చుక్క ఓడల దగ్గర కాసేపు తడబడింది. నేను వాకిట్లోకొచ్చి అత్త పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి దూరంగా తెడ్డు చప్పుడు వినిపించింది. నేను పాల గిన్నె కోసం లేవబోయాను. ఆవిడ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"అది మనోడు కాడు" అంది.

కూర్చున్నాం. నేను ఫోను బోర్లించేశాను. పెద్దాయన తెప్ప ఇసకెక్కిన చప్పుడైంది, ఆయన ఒడ్డున ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ మాటల్ని దాటి వినడానికి అత్త కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. అప్పుడు రెండో తెడ్డు, ఇంకా కాస్త వణికే చెయ్యి కొట్టినట్టు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా.

"టీ ఎట్టు" అంది మా అత్త.